వీసా లేని రోజుల్లో అమెరికా: అప్పట్లో వెళ్లినవాళ్లు ఎలా బతికారు?

అమెరికాలో వలసల గొడవ రేగిన ప్రతిసారీ ఒక మాట వినపడుతుంది: "మా తాతముత్తాతలు చట్టప్రకారం, వరుసలో నిలబడి వచ్చారు. కష్టపడి పైకొచ్చారు." దానికి ఎదురుమాట కూడా ఉంది: "అప్పట్లో తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వెళ్లినవాళ్లను ఫ్యాక్టరీలు పీల్చి పిప్పి చేశాయి." హెచ్‌-1బీ, గ్రీన్‌కార్డు వార్తలు రోజూ చదివే మన ఇళ్లలోనూ ఈ రెండు మాటలూ తిరుగుతుంటాయి.

రెండింటిలోనూ నిజముంది. కాకపోతే ఆ రెండూ వేర్వేరు మనుషుల గురించి. ఏ రేవులో దిగారు, ఏ దేశంవాళ్లు, ఉండిపోయారా తిరిగి వెళ్లిపోయారా, మనం చూస్తున్నది తండ్రులనా బిడ్డలనా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అందుకే ఈ చిక్కుముడిని ఒక్కో పోగూ విడదీసి చూడాలి.

## ఏ కాలం, ఎవరు వెళ్లారు

స్థూలంగా 1880 నుంచి 1924 దాకా అనుకుందాం. అంతర్యుద్ధం ముగిశాక అమెరికాలో రైలుమార్గాలు, ఉక్కు కర్మాగారాలు, బొగ్గు గనులు, బట్టల మిల్లులు విపరీతంగా పెరిగాయి. వాటిలో పనికి మనుషులు కావాలి. అదే సమయంలో ఐరోపాలో జనాభా పెరిగి, కమతాలు చీలికలై, చేతివృత్తులు దెబ్బతిన్నాయి. రష్యా సామ్రాజ్యంలో యూదులపై దాడులు 1881 తర్వాత ఉద్ధృతమయ్యాయి. తెరచాప ఓడల్లో వారాల తరబడి సాగిన సముద్రయానం ఆవిరి ఓడలు వచ్చాక వారం, పది రోజులకు తగ్గింది. ఈ నాలుగూ కలిసినప్పుడు ప్రవాహం మొదలైంది. 1880కీ 1920కీ మధ్య అమెరికాకు వెళ్లినవాళ్లు 2 కోట్ల పైమాటే. ఒక్క 1907లోనే 12.85 లక్షల మంది దిగారు.

అంతకుముందు వచ్చినవాళ్లలో బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ, స్కాండినేవియా దేశాలవాళ్లు ఎక్కువ. 1880ల తర్వాత ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు, స్లోవాక్‌లు, గ్రీకులు, రష్యా యూదులు పెరిగారు. మొదటివాళ్లను 'పాత వలసదారులు' అనీ, తర్వాతివాళ్లను 'కొత్త వలసదారులు' అనీ అప్పటి రాజకీయ నాయకులు విడదీశారు. 1907లో పార్లమెంటు వేసిన డిల్లింగ్‌హామ్ కమిషన్ నాలుగేళ్లు పనిచేసి 41 సంపుటాల నివేదిక ఇచ్చింది. పాతవాళ్లు కుటుంబాలతో వచ్చి దేశంలో కలిసిపోయారు, కొత్తవాళ్లు డబ్బు కోసం వచ్చి కలవకుండా ఉండిపోతున్నారు అన్నది దాని సారాంశం. ఈ పోలికలో పెద్ద లోపముంది. ముప్పై, నలభై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడ్డవాళ్లను నిన్నగాక మొన్న దిగినవాళ్ల పక్కన నిలబెట్టి చూశారు. ఈ లోపం సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఒక అంకె గుర్తుపెట్టుకోండి. విదేశాల్లో పుట్టినవాళ్లు అమెరికా జనాభాలో 1890లో 14.8 శాతం, 1910లో 14.7 శాతం. ఇప్పుడున్నది కూడా దాదాపు అంతే. మధ్యలో, 1970 నాటికి, అది 4.7 శాతానికి పడిపోయింది.

## 'చట్టప్రకారం' అంటే అప్పట్లో ఏమిటి

ఇప్పుడు అమెరికా వెళ్లాలంటే ముందు ఇక్కడి కాన్సులేట్‌లో వీసా ముద్ర పడాలి. ఆ కాలంలో చాలా ఏళ్లపాటు అలాంటి పద్ధతే లేదు. టికెట్ కొనుక్కుని ఓడ ఎక్కడమే. ఓడలో అడుగు అంతస్తును స్టీరేజ్ అనేవారు. దాని టికెట్ సుమారు 30 డాలర్లు. రానివ్వాలా వద్దా అన్నది అవతలి ఒడ్డున తేలేది. కాబట్టి ఐరోపా నుంచి వెళ్లినవాళ్లు నిలబడ్డ వరుస ఏళ్ల తరబడి సాగింది కాదు, కొన్ని గంటలది.

ఆ వరుస ఉన్నచోటు ఎల్లిస్ దీవి. న్యూయార్క్ రేవులో 1892 జనవరి 1న తెరిచారు. 1954లో మూసేలోపు సుమారు 1.2 కోట్ల మంది దాని మీదుగా వెళ్లారు. మొదటి, రెండో తరగతి ప్రయాణికులను మామూలుగా ఓడలోనే చూసి పంపేసేవారు. స్టీరేజ్‌వాళ్లను మాత్రం పడవల్లో దీవికి తరలించేవారు. డబ్బున్నవాడు దేశానికి భారం కాడు అన్నది లెక్క.

దీవిలో మూటలు మోసుకుంటూ మెట్లెక్కి పైహాల్లోకి వెళ్లాలి. పరీక్ష అక్కడే మొదలయ్యేది, ఎక్కేవాళ్లకు ఆ సంగతి తెలిసేది కాదు. ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కుంటుతున్నారు అని డాక్టర్లు గమనిస్తూ ఉండేవారు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు: గుండెకు ఒకటి, కాలికి ఒకటి, కంటికి ఒకటి. అందరూ భయపడింది కంటి పరీక్షకే. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు ఉందేమో చూడటానికి కనురెప్పను పైకి తిప్పేవారు. ఇందుకు కొందరు డాక్టర్లు వాడింది బూటు బొత్తాలు పెట్టుకునే ఇనప కొక్కెం. ట్రకోమా ఉందని తేలితే తిరుగు ఓడే. పిల్లాడికి ఉంటే తల్లి కూడా వెనక్కి వెళ్లాలా, తండ్రి ఒక్కడే ఊళ్లోకి వెళ్లాలా అని అక్కడికక్కడే తేల్చుకోవాల్సి వచ్చేది.

తర్వాత ప్రశ్నలు. వాటిలో ఒకటి అచ్చంగా ఉచ్చులాంటిది. సిసిలీ నుంచి పాతికేళ్ల కుర్రాడు వచ్చాడనుకుందాం. "నీకు ఇక్కడ పని సిద్ధంగా ఉందా?" అని అధికారి అడుగుతాడు.

"ఉందండీ, మా బావ పనిచేసే గనిలో మాట్లాడిపెట్టాడు" అంటే చిక్కే. ముందే ఒప్పందం చేసుకుని కూలీలను రప్పించడాన్ని 1885 చట్టం నిషేధించింది. యజమానులు విదేశాల నుంచి చవక కూలీలను దింపి సమ్మెలు విరగ్గొడుతున్నారని అమెరికా కార్మిక సంఘాలు పట్టుబట్టి తెచ్చుకున్న చట్టమది. "లేదండీ, ఏ పనీ లేదు" అంటే ఇంకో చట్టం అడ్డొస్తుంది. ప్రభుత్వానికి భారమయ్యేవాణ్ని రానివ్వకూడదని 1882 చట్టం చెప్పింది. గట్టెక్కించే జవాబు ఈ రెండింటికీ మధ్యన ఉంది: "పని ఇంకా కుదరలేదు, ఒంట్లో బలముంది, బావ ఇంట్లో దిగి వెతుక్కుంటాను." ముందే వెళ్లిన బంధువులు ఉత్తరాల్లో ఈ జవాబును నేర్పి పంపేవారు. ఇక డబ్బు ఎంత ఉండాలన్నది అధికారి ఇష్టం. 1909లో ఎల్లిస్ దీవి కమిషనర్ విలియం విలియమ్స్ ఒక్కొక్కరి చేతిలో 25 డాలర్లు కనిపించాలన్నాడు. చాలామంది స్టీరేజ్ ప్రయాణికుల దగ్గర అంత లేదు.

ఇంత హడావిడి జరిగినా వెనక్కి పంపింది సుమారు 2 శాతం మందినే. శాతంగా చూస్తే తక్కువే. మనుషులుగా లెక్కేస్తే రెండు లక్షల పైచిలుకు.

ఇక్కడే ఒక అపోహ కూడా తీర్చాలి. ఎల్లిస్ దీవిలో గుమాస్తాలు నోరు తిరగక జనం పేర్లు మార్చేశారని చాలా అమెరికన్ కుటుంబాలు చెప్పుకుంటాయి. నిజానికి అక్కడి అధికారులు కొత్తగా పేరు రాసుకునేవారు కాదు. ఓడ బయల్దేరిన రేవులో తయారైన జాబితాతో సరిచూసుకునేవారు. పైగా అక్కడ ఎన్నో భాషల దుబాసీలు ఉండేవారు. పేర్లు ఎక్కువగా మారింది తర్వాతే: పని కోసం, బడి కోసం, నలుగురిలో కలవడం కోసం వాళ్లంతట వాళ్లు మార్చుకున్నారు.

## అదే దేశం, ఇంకో తలుపు

ఇంతవరకూ చెప్పింది అట్లాంటిక్ వైపు కథ. పసిఫిక్ వైపు తలుపు వేరుగా ఉండేది.

1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఒక దేశపు మనుషులను పేరుపెట్టి ఆపిన పెద్ద చట్టాల్లో ఇది మొదటిది. పడమటి రైలుమార్గం కోసం సియెర్రా నెవాడా కొండల్ని తొలిచింది చైనా కూలీలే. ఆ పని అయిపోయి, కాలిఫోర్నియాలో ఉద్యోగాలు కరువయ్యాక కోపం వాళ్ల మీదికి మళ్లింది. వర్తకులు, విద్యార్థులు, ఉపాధ్యాయుల లాంటి కొద్దిమందికీ, అమెరికా పౌరుల పిల్లలకూ మాత్రం వెసులుబాటు ఉంది.

పౌరుల పిల్లలన్న మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్లి తిరిగొస్తే అధికారులు రానివ్వలేదు. అమెరికా గడ్డ మీద పుట్టాడు కాబట్టి తల్లిదండ్రులు చైనావాళ్లయినా అతను పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు చెప్పింది. జన్మతః వచ్చే పౌరసత్వం మీద ఇప్పుడు జరుగుతున్న వాదనల్లో వినిపించేది ఈ కేసే.

1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, దాని వెంట వచ్చిన మంటలు జనన రికార్డులను బూడిద చేశాయి. దాంతో "నేను ఇక్కడే పుట్టాను, చైనాలో నాకు కొడుకులున్నారు" అని చెప్పుకునే అవకాశం చాలామందికి దొరికింది. అలా కాగితం మీద కొడుకులై వచ్చినవాళ్లను 'కాగితం కొడుకులు' అన్నారు. వీళ్లను పట్టుకోవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో రేవులోని ఏంజెల్ దీవిలో, 1910లో తెరిచిన కేంద్రంలో, సాగిన విచారణ ఎల్లిస్ దీవి కంటే ఎంతో కఠినం. మీ ఊళ్లో మీ ఇంటికి మెట్లెన్ని? వాకిలి ఏ దిక్కుకు? బియ్యం తొట్టి ఎక్కడ ఉంటుంది? మూడో ఇంటివాళ్ల పిల్లలెందరు? తండ్రినీ కొడుకునూ విడివిడిగా అడిగి జవాబులు పోల్చేవారు. నిజమైన కొడుకే ఒక మెట్టు తప్పు చెప్పినా అబద్ధాలకోరు కింద లెక్క. ఎల్లిస్‌లో గంటల్లో తేలిన వ్యవహారం ఇక్కడ వారాలు, కొందరికి నెలలు పట్టేది. ఖాళీగా కూర్చున్నవాళ్లు చెక్క గోడల మీద చైనా భాషలో పద్యాలు చెక్కారు. భవనం పాడుబడ్డాక, 1970లో, కూల్చేసే ముందు ఒక పార్కు ఉద్యోగి కంట పడటంతో అవి మిగిలాయి.

వరుసలో నిలబడి చట్టప్రకారం వచ్చామని ఐరోపా సంతతి కుటుంబాలు చెప్పుకునే మాట అబద్ధం కాదు. అయితే ఆ చట్టం ఎవరిని గడప దాటనిచ్చింది, ఎవరిని గడప బయటే నిలబెట్టింది అన్నది కూడా చెప్పుకుంటేనే ఆ మాట పూర్తవుతుంది.

## దిగాక దొరికిన పని, దొరికిన ఇల్లు

పని చాలావరకు తెలిసినవాళ్ల ద్వారానే దొరికేది. ఊరివాడు ఉన్న గనికే ఊరివాడు. ఎవరూ తెలియనివాళ్లకు మధ్యవర్తులు ఉండేవారు. పాలమూరు కూలీలకు గుంపు మేస్త్రీ ఎలాగో ఇటాలియన్ కూలీలకు పద్రోనే అలాగ. పని చూపిస్తాడు, బస చూపిస్తాడు, ఉత్తరాలు రాసిపెడతాడు, ప్రతిదానికీ కూలిలోంచి కోసుకుంటాడు.

ఉక్కు సంగతి చూద్దాం. 1907-08 ప్రాంతంలో పిట్స్‌బర్గ్ కర్మాగారాల్లో మామూలు కూలీకి గంటకు సుమారు 16.5 సెంట్లు. రోజుకు పన్నెండు గంటలు. అంటే రెండు డాలర్లకు రెండు సెంట్లు తక్కువ. కొలిమి ఆపకూడదు కాబట్టి పగటి జట్టు, రాత్రి జట్టు. రెండు వారాలకోసారి జట్లు తారుమారైనప్పుడు ఒక జట్టు వరసగా ఇరవైనాలుగు గంటలు పనిచేయాలి. ఈ పన్నెండు గంటల పద్ధతి పెద్ద ఉక్కు కంపెనీల్లో 1923 దాకా పోలేదు.

కుటుంబాన్ని తెచ్చుకోనివాళ్లు తోటి ఊరివాళ్ల ఇళ్లలో డబ్బులిచ్చి ఉండేవారు. రెండు గదుల ఇంట్లో దంపతులు, పిల్లలు, వాళ్లతోపాటు ఐదారుగురు మగవాళ్లు. రాత్రి పనికి వెళ్లినవాడి పడక మీద పగటి పనివాడు పడుకుంటాడు. తెల్లారి ఇతను లేచేసరికి అతను వస్తాడు. పడక చల్లారేది కాదు. అందరికీ వండేది, మసిబట్టలు ఉతికేది, నీళ్లు మోసేది ఆ ఇంటి ఇల్లాలు. జనాభా లెక్కల కాగితంలో ఆమె వృత్తి గడి చాలాసార్లు ఖాళీ. ఆ ఇంటి ఆదాయంలో కొంత భాగం మాత్రం ఆమె రెక్కల కష్టమే. వలసదారులు ఎలా బతికారని లెక్కలు వేసేటప్పుడు జారిపోయే మొదటి మనిషి ఆమెనే అని నాకనిపిస్తుంది.

న్యూయార్క్‌లో బతుకు ఇంకో తీరు. దిగువ తూర్పు ప్రాంతంలో ఐదారు అంతస్తుల అద్దె కొంపలు ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. ప్రతి గదికీ కిటికీ ఉండాలని 1879 చట్టం చెప్పింది. ఇంటి యజమానులు రెండు భవనాల మధ్య సన్నని సందు వదిలి కిటికీలు అందులోకి తెరిచారు. కిందివాళ్లకు ఆ సందులోంచి వెలుతురు రాలేదు, చెత్త, కంపు వచ్చాయి. నిప్పంటుకుంటే మంటలు ఆ సందులోంచే పైకి లేచేవి. 1901లో కొత్త చట్టం వచ్చాకగానీ ఇలాంటివి కట్టడం ఆగలేదు.

1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయింది. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. యజమానులిద్దరూ వలస వచ్చినవాళ్లే. కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. అయితే ఆ మంటల తర్వాతే న్యూయార్క్‌లో ఫ్యాక్టరీ భద్రతా చట్టాలు వరసగా వచ్చాయి. దానికి ఏడాదిన్నర ముందే, 1909 నవంబరులో, చొక్కాలు కుట్టే వేలాది ఆడపిల్లలు సమ్మెకు దిగారు. సమ్మె చేయాలా వద్దా అని తేల్చుకునే సభలో లేచి ఇక సమ్మేనని యిద్దిష్ భాషలో గొంతెత్తిన క్లారా లెమ్లిచ్ వయసు అప్పటికి పాతికేళ్లు కూడా లేదు.

కొత్త వలసదారులు సంఘాలు కట్టలేరు, భాషలే కలవవు అని అప్పటి పెద్ద కార్మిక నాయకులు కొందరు గట్టిగా నమ్మేవారు. 1912 జనవరిలో మసాచుసెట్స్‌లోని లారెన్స్ మిల్లు కార్మికులు ఆ నమ్మకాన్ని వమ్ము చేశారు. ఆడవాళ్ల, పిల్లల పనివేళలను వారానికి 56 గంటల నుంచి 54కు తగ్గిస్తూ చట్టం వచ్చింది. మిల్లు యజమానులు గంటలతోపాటు జీతమూ కోశారు. తగ్గింది ముప్పై సెంట్లు, కాస్త అటూ ఇటూ. ఆ ఇళ్లలో అది కొన్ని రొట్టెల ధర. ఇరవై వేల మందికి పైగా రోడ్డెక్కారు. సభల్లో ప్రతి మాటనూ పాతిక భాషల్లోకి తర్జుమా చేసుకుంటూ రెండు నెలలు నిలబడి జీతాలు పెంచుకున్నారు.

## 'అమెరికన్ అవ్వు' అన్న ఒత్తిడి

1914లో ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్లు ప్రకటించింది. అప్పటికి అది మామూలు కూలికి రెట్టింపు. దానికి షరతులున్నాయి. కంపెనీ మనుషులు ఇంటికొచ్చి శుభ్రంగా ఉందా, డబ్బు దాస్తున్నారా, ఇంట్లో బయటివాళ్లను పెట్టుకున్నారా అని చూసేవారు. ఉక్కు ఊళ్లలో కుటుంబాలను నిలబెట్టిన ఆ అదనపు పడక ఇక్కడ తప్పయింది. కంపెనీ ఇంగ్లీషు బడి ముగింపు వేడుకలో వేదిక మీద పెద్ద గంగాళం పెట్టేవారు. కార్మికులు సొంత దేశపు బట్టల్లో అందులోకి దిగి, అమెరికన్ సూట్లు వేసుకుని, జెండాలు ఊపుతూ బయటికొచ్చేవారు.

దీన్ని అవమానంగా చూసేవాళ్లున్నారు, అవకాశంగా చూసేవాళ్లున్నారు. షికాగోలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ మొదలుపెట్టిన హల్ హౌస్ ఇంకో దారి పట్టింది. ఇంగ్లీషు నేర్పిస్తూనే, వచ్చినవాళ్ల నూలు వడికే పద్ధతులను, చేతిపనులను ప్రదర్శనకు పెట్టింది. తమ తల్లులకు విలువైన విద్య తెలుసని పిల్లలు గుర్తించాలన్నది ఆడమ్స్ ఉద్దేశం.

## తిరిగి వెళ్లిపోయినవాళ్లు

అమెరికా వెళ్లినవాళ్లంతా అక్కడే ఉండిపోయారని అనుకుంటాం. సుమారు మూడోవంతు మంది తిరిగి వెళ్లిపోయారు. దక్షిణ ఇటలీవాళ్లలో అయితే సగం దాకా. నాలుగు డబ్బులు సంపాదించుకుని, ఊళ్లో పొలం కొనుక్కుని, చెల్లి పెళ్లి చేద్దామని వచ్చినవాళ్లే వీళ్లలో ఎక్కువ. అప్పటివాళ్లు వీళ్లను 'వలస పక్షులు' అని చిన్నచూపు చూశారు. రష్యా యూదులు తిరిగి వెళ్లింది చాలా తక్కువ. వెళ్లడానికి వాళ్లకు సురక్షితమైన ఊరంటూ లేదు.

తిరిగి వెళ్లడం ఓటమి అనుకోవాల్సిన పనిలేదు, అనుకున్న డబ్బు కూడబెట్టి వెళ్లినవాళ్లున్నారు. జబ్బుపడి, పని పోగొట్టుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఎవరెందరో తేల్చడం కష్టం. కానీ వీళ్లను మరచిపోతే లెక్క ఎలా తప్పుతుందో ఇప్పుడు చూద్దాం.

## మరి పైకొచ్చారా?

చాలాకాలం చరిత్రకారులు, ఆర్థికవేత్తలు చెప్పిన కథ ఇది: వలసదారులు అట్టడుగున మొదలై, పదిహేను ఇరవై ఏళ్లలో స్థానికులను అందుకున్నారు. జనాభా లెక్కల్లో కొత్తగా వచ్చినవాళ్ల వృత్తులు చిన్నవి, ఎప్పుడో వచ్చినవాళ్ల వృత్తులు పెద్దవి. కాబట్టి కాలంతోపాటు ఎదిగారని తేల్చారు.

చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. 1900లో పదిమంది వచ్చారు. ఐదుగురికి రోజుకు 2 డాలర్లు, ఐదుగురికి 1 డాలరు. సగటు డాలరున్నర. ఇరవై ఏళ్లలో ఒక్కరి కూలీ పెరగలేదు. కానీ డాలరు కూలీవాళ్లలో ముగ్గురు తిరిగి ఊరికి వెళ్లిపోయారు. మిగిలిన ఏడుగురి మొత్తం 12 డాలర్లు, సగటు 1.71. ఒక్కరికీ ఒక్క సెంటు పెరగకుండానే "వలసదారుల ఆదాయం 14 శాతం పెరిగింది" అని పట్టిక చెబుతుంది. దీనికి ఇంకోటి తోడు. 1880లలో వచ్చినవాళ్లలో నైపుణ్యమున్న బ్రిటిష్, జర్మన్ పనివాళ్లు ఎక్కువ. వాళ్లను 1910లో దిగిన రైతుకూలీల పక్కన పెడితే, ఆ తేడా అంతా ఎదుగుదలలా కనిపిస్తుంది. డిల్లింగ్‌హామ్ కమిషన్ చేసిన పొరపాటు కూడా ఈ కుదురులోదే.

రాన్ అబ్రామిట్‌స్కీ, లియా బూస్టన్, కాథరిన్ ఎరిక్సన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని దాటడానికి ఒక దారి వెతికారు. 1900, 1910, 1920 జనాభా లెక్కల్లో ఒకే మనిషిని పేరు, వయసు, పుట్టిన దేశం ఆధారంగా వెంబడించారు. తేలింది వేరు. ఉండిపోయినవాళ్ల సగటు చూస్తే, మొదట్లోనే స్థానికుల కంటే మరీ వెనకబడి లేరు, తర్వాత స్థానికులు ఎదిగిన వేగంతోనే ఎదిగారు. మంచి వృత్తితో మొదలైన దేశాలవాళ్లు ముందే ఉన్నారు, వెనక మొదలైనవాళ్లు చాలావరకు వెనకే ఉన్నారు. తండ్రి తరంలో ఆ అంతరం పూడలేదు.

ఎదుగుదల కనిపించింది బిడ్డల్లో. ఒకే స్థాయి ఆదాయమున్న పేద ఇళ్లను తీసుకుంటే, వలసదారుల కొడుకులు స్థానికుల కొడుకుల కంటే ఎక్కువ పైకి వెళ్లారు. పెద్ద కారణం చోటు. వలసదారులు పనులున్న, బడులున్న నగరాల్లో దిగారు. స్థానిక పేద కుటుంబం తాతల నాటి ఊరిని వదల్లేకపోయింది. ఇది నాకు బాగా తెలిసిన సంగతిలా అనిపిస్తుంది. పల్లె వదిలి హైదరాబాద్ చేరిన కూలీ తల్లిదండ్రుల్ని, వాళ్ల పిల్లల్ని చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. పెళ్లితో ఇంటిపేరు మారే ఆడవాళ్లను ఇలా వెంబడించడం కష్టం, అందుకే ఈ అధ్యయనాలు ఎక్కువగా మగవాళ్లవే. అందరికీ ఒకే పేర్లున్న సమాజాల్లో మనిషిని గుర్తుపట్టడంలో పొరపాట్లు వస్తాయి.

## స్థానికుల కూలీ తగ్గిందా?

వలసదారులు ఎక్కువగా చేరిన నగరాల్లో నైపుణ్యం లేని పనుల కూలీ అంతగా పెరగలేదని ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ లెక్కలు చూపించాయి. 1885 చట్టం కోసం కొట్లాడిన కార్మిక సంఘాల భయం ఉత్తదేమీ కాదు. మరోవైపు మార్కో తబెల్లీని పరిశోధనలో, వలసలు ఎక్కువైన నగరాల్లో పరిశ్రమల ఉత్పత్తి, స్థానికుల ఉపాధి పెరిగాయని తేలింది. విచిత్రమేమిటంటే, ఆ నగరాల్లోనే వలసలను వ్యతిరేకించే రాజకీయాలూ బలపడ్డాయి.

ఒక విషయంలో మాత్రం నష్టపోయినవాళ్లు స్పష్టంగా కనిపిస్తారు. దక్షిణాదిలో ఉన్న నల్లజాతివాళ్లను ఉత్తరాది ఫ్యాక్టరీలు దశాబ్దాలపాటు పిలవలేదు. ఐరోపా నుంచి మనుషులు వస్తున్నంతకాలం వాళ్ల అవసరం లేదనుకున్నాయి. 1914లో యుద్ధం వచ్చి ఓడలు ఆగాక, తర్వాత కోటాలు వచ్చాక, ఆ తలుపులు వాళ్లకు తెరుచుకున్నాయి.

## కోటా లెక్క ఎలా వేశారు

1917లో చదవడం వచ్చో రాదో చూసే పరీక్ష పెట్టారు. 1921లో కోటా వచ్చింది: 1910 జనాభా లెక్కల ప్రకారం ఏ దేశంలో పుట్టినవాళ్లు అమెరికాలో ఎందరున్నారో, అందులో 3 శాతం మందినే ఏటా రానివ్వాలి. 1910లో ఇటలీలో పుట్టినవాళ్లు 13 లక్షల పైచిలుకు. చిన్న సవరణలతో కోటా 42,057 వచ్చింది. ఇది కూడా ఎక్కువే అనిపించింది. 1924లో 3 శాతాన్ని 2 చేశారు. అంతకంటే కీలకం, 1910 పక్కనపెట్టి 1890 లెక్కలు తీశారు. ఇటాలియన్లు పెద్దఎత్తున రాకముందు నాటి లెక్కలవి. 1890లో ఇటలీలో పుట్టినవాళ్లు 1.82 లక్షలు. అందులో 2 శాతం సుమారు 3,650. చిన్న సవరణలతో ప్రకటించిన సంఖ్య 3,845. అదే చట్టం జర్మనీకి ఇచ్చింది 51,227. చట్టంలో ఇటాలియన్ అన్న మాట ఎక్కడా రాయనక్కర్లేకపోయింది. జనాభా లెక్కల సంవత్సరం మార్చడంతో సరిపోయింది.

కోటాల వల్ల స్థానికుల కూలీ పెరిగిందా అంటే, ఆశించినంత కనిపించలేదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. కోటా వర్తించని మెక్సికో, కెనడాల నుంచి మనుషులు వచ్చారు. పొలాల్లో యంత్రాలు దిగాయి.

## భారతీయులకు తగిలిన చోటు

అప్పట్లో అమెరికా చేరిన భారతీయుల్లో అత్యధికులు పంజాబీలు. పడమటి తీరంలో కలప మిల్లుల్లో, పొలాల్లో పనిచేశారు. 1907 సెప్టెంబరులో బెల్లింగ్‌హామ్ ఊళ్లో గుంపులు వాళ్ల బసల మీద పడి తరిమేశాయి. 1917 చట్టం ఆసియాలో ఒక పెద్ద భాగాన్ని నిషిద్ధ ప్రాంతమంది. అందులో భారతదేశం ఉంది.

పౌరసత్వం పొందే హక్కు 1790 చట్టం ప్రకారం 'స్వేచ్ఛగల తెల్లవాళ్ల'ది. 1870లో ఆఫ్రికా సంతతివాళ్లను చేర్చారు. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ తనకూ పౌరసత్వం కావాలని వాదించాడు. భారతీయులు ఆ చట్టంలోని 'తెల్లవాళ్లు' అన్న మాటలోకి రారని 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల దగ్గర కూడా తిరిగి లాక్కోవడం మొదలైంది. 1924 కోటాల జాబితాలో ఇండియాకు 100 అని రాసి ఉంటుంది. కానీ పౌరసత్వానికి అర్హత ఉన్నవాళ్లే ఆ కోటాలో రావచ్చు. అంటే ఆ వంద సీట్లు భారతీయులకు పనికిరావు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువు కోసం బోస్టన్ చేరాడు. ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేశాడు. హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన చేసిన పని నుంచి టెట్రాసైక్లిన్ వర్గపు తొలి మందు, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. అక్కడ ఉన్న పాతికేళ్లలో ఎక్కువ భాగం, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే హక్కే లేని మనిషిగా ఉన్నాడు. 1946లో చట్టం మారింది. భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏడాదికి వందమందికి ప్రవేశం ఇచ్చారు. రెండేళ్లకే, 1948లో, సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు.

జాతీయత ఆధారంగా వేసిన ఆ కోటాలను 1965 చట్టం రద్దు చేసింది. గుంటూరు, కాకినాడ, ఉస్మానియా వైద్య కళాశాలల నుంచి డాక్టర్లు వెళ్లడం ఊపందుకుంది ఆ తర్వాతే. ఆ చట్టం ఇండియాతో సహా తూర్పు అర్ధగోళపు దేశాలకు, పెద్ద దేశం, చిన్న దేశం తేడా లేకుండా, ఒకే పరిమితి పెట్టే పద్ధతి తెచ్చింది. తర్వాత అది మిగతా దేశాలకూ వర్తించింది. ఇప్పటి లెక్కలో అది ఏటా పరిమితి ఉన్న కుటుంబ, ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం. ఉద్యోగ గ్రీన్‌కార్డుల కోసం ఇప్పుడు మనవాళ్లు ఏళ్ల తరబడి నిలబడ్డ వరుస అక్కడి నుంచి వచ్చింది. ఎల్లిస్ దీవి మెట్లెక్కినవాళ్లు అలాంటి వరుసను చూడలేదు.